నాణేలను తోమవచ్చునా?

మన ఇండ్లలో శుభ్రతకూ శుభానికీ దగ్గర చుట్టరికం ఉన్నది. పండుగ వస్తున్నదంటే గుమ్మాలు కడగడం, గోడలకు సున్నం వేయడం, అటక మీది ఇత్తడి, రాగి సామాను దించి చింతపండుతో తోమడం తరతరాల అలవాటు. ఆ వరుసలోనే దేవుడి పెట్టెలోని పాత వెండి రూపాయలు కూడా వెలుపలికి వస్తాయి. విక్టోరియా రాణి బొమ్మ ఉన్నది ఒకటి, ఎడ్వర్డు చక్రవర్తి బొమ్మ ఉన్నది ఒకటి, నిజాము ప్రభువుల నాటి చార్మినారు రూపాయి మరొకటి. నల్లబడిన ఆ బిళ్లలకు కూడా ఇంత చింతపండు, ఇంత బూడిద పట్టించి, మిలమిల మెరిసేటట్లు తోమి, పసుపు కుంకుమలు పెట్టి పీట మీద ఉంచుతారు. చూపులకు అవి కొత్త రూపాయలవలెనే ఉంటాయి. కాని నాణేలు సేకరించేవారికి వాటిని చూపిస్తే వారు సంతోషించరు. తోమకుండా ఉంచితే ఎంతో బాగుండేదని నొచ్చుకుంటారు.

చెంబు తోమితే మంచిదై, నాణెం తోమితే చెడ్డది ఎందుకు కావలె? ఈ ప్రశ్న న్యాయమైనదే. చెంబు విలువ దాని ఉపయోగంలో ఉన్నది. చెలామణీ పోయిన నాణేనికి ఆ ఉపయోగం లేదు. దానిని కోరి కొనేవాడు దాని ముఖాన్ని చూచి కొంటాడు. ఆ ముఖం టంకశాలలో ఒకే ఒక్క దెబ్బతో ఏర్పడింది. దానిని మళ్లీ ఏర్పరచడం ఎవరి తరమూ కాదు. నాణేలను తోమడంలోని నష్టమంతా ఈ ఒక్క సంగతిలోనే ఇమిడి ఉన్నది.

ముందుగా ఆ ముఖం ఎట్లా ఏర్పడుతుందో చూద్దాము. నాణెం తయారు చేసేటప్పుడు నునుపైన లోహపు బిళ్లను రెండు ఉక్కు అచ్చుల నడుమ ఉంచి బలంగా నొక్కుతారు. ఆ ఒత్తిడికి లోహం క్షణకాలం పాటు మెత్తని ముద్దవలె కదలి, అచ్చులోని అక్షరాలలోకీ, బొమ్మలోకీ చొచ్చుకొని పోతుంది. మిగిలిన లోహం నడిమి నుండి అంచుల వైపుకు జరుగుతుంది. అట్లా జరిగినప్పుడు నాణెం మీద కంటికి ఆనని సన్నని గీతలు చక్రపు ఆకులవలె ఏర్పడతాయి. కొత్త నాణేన్ని దీపం కింద పట్టుకొని కొద్దికొద్దిగా తిప్పితే, వెలుగు రేఖలు దాని మీద చక్రంవలె తిరుగుతూ కనబడతాయి. ఆ వెలుగు ఈ గీతల మూలంగా వచ్చినదే. టంకశాల మెరుపు అని సేకర్తలు దేనిని అంటారో అది ఇదే. తోమినందువల్ల వచ్చే మెరుపు దీనికి పూర్తిగా భిన్నమైనది. అది అద్దంవలె ఒక్కతీరుగా, చప్పగా ఉంటుంది. నాణేన్ని తిప్పినప్పుడు వెలుగు తిరగదు.

ఇక నాణెం నల్లబడడం ఎందుకు? గాలిలో గంధకం కలిసిన వాయువులు ఎప్పుడూ కొద్దిగా ఉంటాయి. అవి వెండితో కలిసి సిల్వర్ సల్ఫైడ్ అనే పదార్థాన్ని ఏర్పరుస్తాయి. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడడం చాలామంది చూచినదే. అక్కడ జరిగేదీ ఇదే. ఈ పొర చాలా పలుచనిది. అది కొంచెం కొంచెంగా మందమెక్కుతున్నకొద్దీ, సబ్బు బుడగ మీద రంగులు కనిపించినట్లే, వెండి మీద మొదట లేత పసుపు, తరువాత ఎరుపు, ఊదా, నీలం రంగులు తోచి, చివరకు నలుపు మిగులుతుంది. రాగి నాణెం ముందు ముదురు గోధుమ రంగుకు తిరుగుతుంది. చాలాకాలం భూమిలో ఉంటే పచ్చని చిలుము పట్టుతుంది. బంగారానికి ఈ బాధ లేదు. కాని బంగారం మెత్తని లోహం కావడంచేత గీతలకు సులభంగా లొంగుతుంది.

ఈ పొరను మనం మురికి అనుకొంటాము. నిజానికి అది బయటి నుండి వచ్చి అంటుకొన్న మురికి కాదు. నాణెంలోని లోహమే గాలితో కలిసి మారిన రూపమది. కాబట్టి ఆ పొరను తీసివేయడమంటే నాణెంలో కొంత భాగాన్ని తీసివేయడమే. నిశ్చలంగా, సమంగా పట్టిన పొర తన కింది లోహాన్ని కొంతవరకు కాపాడుతుంది కూడా. దానిని తీసివేస్తే కొత్తగా బయటపడిన లోహం మళ్లీ మొదటి నుండి నల్లబడడం ఆరంభిస్తుంది. ప్రతి పండుగకూ తోమే రూపాయి ప్రతి ఏడూ కొంచెం అరుగుతూనే ఉంటుంది.

తోమే సాధనాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము. ఇటుక పొడిలోనూ, ఇసుకలోనూ ఉండే పలుగురాతి రేణువుల గట్టితనం, ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ పట్టికలో 7. వెండి, బంగారం గట్టితనం 2.5కు 3కు నడుమ ఉంటుంది, సీసానిది 1.5 మాత్రమే. ఇంత తేడా ఉన్నప్పుడు ఆ పొడి నాణేన్ని శుభ్రపరచదు, గీస్తుంది. ఇనుప పీచు, పండ్లపొడి, ఆఖరుకు గరుకు గుడ్డ కూడా తమ శక్తి కొలది ఇదే పని చేస్తాయి. ముందుగా అరిగేవి బొమ్మలో ఎత్తయిన చోట్లు, అంటే రాజు జుట్టు, కిరీటం, చెక్కిలి. టంకశాల మెరుపు నిచ్చే సన్నని గీతలు మొదటి రుద్దుడుకే పోతాయి.

చింతపండులో టార్టారిక్ ఆమ్లమున్నది. నిమ్మపండులో సిట్రిక్ ఆమ్లమున్నది. ఇవి రాగి మీది పొరను కరగించి, లోపలి లోహాన్ని పచ్చి పుండువలె బయటపెడతాయి. అప్పుడు రాగి నాణేనికి వచ్చే ఆ లేత గులాబి రంగు ఏ టంకశాలలోనూ పుట్టినది కాదు. తెలిసినవారు దూరం నుండే గుర్తుపడతారు. కడిగిన తరువాత కూడా అక్షరాల మూలల్లో ఆమ్లం కొంత నిలిచి, కొద్దికాలానికి అక్కడ మళ్లీ చిలుము పుట్టిస్తుంది. బజారులో దొరికే వెండి మెరుగు ద్రావణాలలో సాధారణంగా థయోయూరియా అనే పదార్థం ఆమ్లంతో కలిసి ఉంటుంది. రుద్దే పని లేదు కనుక ఇవి నిరపాయమైనవని పలువురి నమ్మకం. కాని ఇవి కూడా పై పొరతో పాటు అందులోని వెండిని తీసుకొనిపోతాయి. పలుమార్లు ముంచితే నాణెం కళ తప్పి పాలిపోతుంది. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్లు కలిపి చేసే పద్ధతి మరొకటి ఉన్నది. ఇందులో సల్ఫైడు తిరిగి వెండిగా మారే మాట నిజమే. అయితే ఆ వెండి తన పాత చోట, పాత తీరున కూర్చోదు. పొడిపొడిగా, మందకొడిగా పేరుకొంటుంది. పోయిన గీతలు తిరిగిరావు.

ఇప్పుడు వెల సంగతికి వద్దాము. తోమిన నాణేనికి వెల తగ్గడం సేకర్తల చాదస్తమని కొందరంటారు. దీనికి మూడు కారణాలున్నవి. మొదటిది, తోమడం వెనుకకు మళ్లని పని. తోమని నాణేన్ని ఎప్పుడైనా తోమవచ్చును. తోమినదానిని తోమనిదిగా చేయలేము. కనుక ఏ పాత నాణెమైనా సరే, సహజ స్థితిలో ఉన్నవాటి సంఖ్య తగ్గడమే గాని పెరగడం లేదు. అరుదైనదానికి వెల హెచ్చుట లోకంలో ఉన్న రీతే. రెండవది, నాణెం అసలుదా నకలుదా తేల్చడానికి దాని ఉపరితలమే ముఖ్య సాక్షి. తోమడం ఆ సాక్ష్యాన్ని చెరిపివేస్తుంది. ఆరవ జార్జి చక్రవర్తి పేరిట 1939లో ముద్రించిన రూపాయి చాలా అరుదు. అందుచేతనే దానికి నకళ్లు పుట్టినవి. అటువంటి నాణేన్ని తళతళలాడేటట్లు తోమి తెస్తే, కొనేవానికి ముందు కలిగేది అనుమానమే. అంకె దిద్దిన జాడను మరుగుపరచడానికే తోమినారేమో అని అతడు అనుకొంటే తప్పు పట్టలేము. మూడవది, సూక్ష్మమైన వివరాలు పోవడం.

ఈ మూడవ కారణానికి ఒక ముచ్చటైన ఉదాహరణ ఉన్నది. అయిదవ జార్జి చక్రవర్తి పేరిట 1911లో వెలువడిన రూపాయి మీద ఆయన దుస్తులకు బిరుదు హారం చెక్కినారు. దానిలో చిన్న ఏనుగు బొమ్మ ఒకటి ఉన్నది. తొండం పొట్టిగా రావడంచేత అది పందివలె ఉన్నదని ప్రజలలో అలజడి పుట్టింది. ప్రభుత్వం ఆ నాణేలలో చాలా భాగాన్ని వెనుకకు తీసుకొని కరిగించి, 1912 నుండి తొండం చక్కగా దిద్దిన అచ్చును వాడింది. ఆ ఏనుగు బొమ్మ ఆవగింజ పాటిదే. అయినా 1911 నాటి రూపాయిని సేకర్త చేతిలోకి తీసుకొన్నప్పుడు మొదట వెదకేది దానినే. నాలుగు పండుగలు గట్టిగా తోమితే ఆ కథ చెప్పే తొండం ఆనవాలు చాలవరకు చెరిగిపోతుంది.

నాణేల స్థితికి మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉన్నది. అమెరికాలో విలియం షెల్డన్ అనే ఆయన ఆ దేశపు పాత రాగి సెంట్లకోసం 1949లో 1 నుండి 70 వరకు ఒక కొలతను ఏర్పరచినాడు. ఒకటవ స్థాయిలో ఉన్నదానికంటె డెబ్బదవ స్థాయిలో ఉన్నదానికి డెబ్బది రెట్లు వెల ఉండవలెనని ఆయన తొలి లెక్క. ఆ వెల లెక్క నిలువలేదు గాని, కొలత నిలిచింది. 1986లో పి.సి.జి.ఎస్., 1987లో ఎన్.జి.సి. అనే సంస్థలు అక్కడ స్థాపితమై, నాణేలను పరీక్షించి, ఈ కొలత ప్రకారం అంకె వేసి, మూసిన పెట్టెలలో ఉంచి ఇవ్వసాగినవి. హానికరంగా తోమిన నాణేనికి ఈ సంస్థలు అంకె వేయవు. వివరాలు ఇంతమాత్రం మిగిలినవని, శుభ్రపరచినారని పెట్టె మీద రాసి ఇస్తాయి. చదువుకొన్న పిల్లవానికి మార్కుల పట్టీ మీద మార్కులు లేనట్లే ఇది.

అయితే ఒక మాట న్యాయంగా చెప్పవలె. బాగా అరిగిపోయి, ఎక్కడ చూచినా దొరికే రూపాయిని తోమినందువల్ల పెద్ద నష్టమేమీ లేదు. దాని వెల అందులోని వెండికి సంబంధించినది. తోమినా ఆ వెండి ఇంచుమించు అంతే ఉంటుంది. నష్టమంతా అరుదైనవాటికి, అరగనివాటికి కలుగుతుంది. కాని ఏది అరుదో, ఏది కాదో తోమేవారికి ముందుగా తెలియదు కదా. చిక్కంతా అక్కడే ఉన్నది.

ఇంతవరకు చెప్పినది ఇంటిలోని నాణేల మాట, డబ్బు మాట. పొలంలోనో, నదీతీరంలోనో దొరికే ప్రాచీన నాణేల విషయంలో పోయేది డబ్బు మాత్రమే కాదు. మహారాష్ట్రంలో నాసిక్ జిల్లా జోగల్‌తెంబి వద్ద 1906లో ఒక వెండి నాణేల రాశి దొరికింది. అందులో 13 వేలకు పైగా నాణేలున్నవి. అన్నీ క్షహరాత రాజైన నహపానుడివి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద శాతవాహనుడైన గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్రను తిరిగి కొట్టించినాడు. కొత్త ముద్ర కింద పాత రాజు ముఖమూ, అక్షరాలూ లీలగా కనబడుతూనే ఉన్నవి. ఎవరు ఎవరిని జయించినారో ఒకే బిళ్ల మీద చదువుకోవచ్చును. దొరికినవారు ఆ నాణేలను బూడిదతో తోమి ఉంటే మొదట మాయమయ్యేవి ఆ లీలగా ఉన్న జాడలే.

మన గోదావరి తీరంలో, నేటి జగిత్యాల జిల్లాలోని కోటిలింగాల గ్రామమున్నది. అక్కడ దొరికిన చిన్నచిన్న నాణేల మీది బ్రాహ్మీ అక్షరాలను పి.వి. పరబ్రహ్మశాస్త్రిగారు పరిశీలించి ప్రకటించగా, గోబద, నారన, సమగోప మొదలైన రాజుల పేర్లు వెలుగులోకి వచ్చినవి. పురాణాలలోని రాజవంశాల పట్టికలలో ఈ పేర్లు లేవు. శాతవాహన వంశకర్తయైన సిముకుడివని చరిత్రకారులు గుర్తించిన నాణేలు కూడా అక్కడ దొరికినవి. ఈ రాజుల ఉనికికి ఆ బిళ్లల మీది నాలుగైదు అక్షరాలే ఆధారం. ఒక అక్షరం గుడి దీర్ఘం అరిగిపోతే ఒక రాజు పేరే మారిపోవచ్చును. పైగా శాతవాహనుల నాణేలలో చాలా భాగం సీసంతోనూ, రాగి, తగరం, సీసం కలిసిన పోటిన్ అనే మిశ్రలోహంతోనూ చేసినవి. సీసం ఎంత మెత్తనిదో పైన చూచినాము. గోటితో గీసినా గీత పడే లోహాన్ని ఇటుక పొడితో తోమితే ఏమి మిగులుతుంది?

అట్లాగని ఏ నాణేన్నీ ఎన్నడూ ముట్టరాదని కాదు. నాణెం తనలో నుండి పుట్టించుకొన్న పొర వేరు. బయటి నుండి వచ్చి చేరిన మలినం వేరు. రెండవదానిని తెలిసినవారు తొలగించవచ్చును. ఉదాహరణకు, కాలిఫోర్నియా బంగారంతో వస్తూ 1857లో అట్లాంటిక్ సముద్రంలో మునిగిన సెంట్రల్ అమెరికా అనే ఓడను 1988లో కనుగొన్నారు. దానిలోని బంగారు నాణేల మీద తుప్పు, సముద్రపు ఖనిజాలు గట్టిపడి ఉన్నవి. నిపుణులు బంగారాన్ని తాకకుండా ఆ పెచ్చును మాత్రమే రసాయనాలతో కరగించగా, అడుగున టంకశాల మెరుపు చెక్కుచెదరకుండా బయటపడింది. వాటి వెల తగ్గలేదు. దీనిని శుభ్రపరచడమని కాక పరిరక్షణ అని పిలుస్తారు.

పరిరక్షణ తప్పనిసరియైన జబ్బు ఒకటి ఉన్నది. రాగి, కంచు నాణేల మీద లేత ఆకుపచ్చని పొడి చుక్కలు చుక్కలుగా లేచి, తుడిస్తే పోయి, కొన్నాళ్లకు మళ్లీ వస్తే అది కంచు జబ్బు. లోపల చేరిన రాగి క్లోరైడు గాలిలోని తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లం మరికొంత రాగిని తిని మళ్లీ క్లోరైడుగా మారుతుంది. ఈ చక్రం ఆగదు. ఉప్పుగాలి వీచే విశాఖపట్టణం, మచిలీపట్టణం వంటి తీరపు ఊళ్లలో దీని విషయంలో మరింత జాగ్రత్త వహించవలె. గట్టిగా, నునుపుగా, సమంగా ఉన్న ముదురు పచ్చని పొర జబ్బు కాదు; దానిని కదపరాదు. జబ్బు పట్టినదానిని వేరుచేసి పొడిగా ఉంచి, తెలిసినవారికి చూపించవలె. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో భూగర్భంలో దాచిన వస్తువులు పాడైపోగా, లండనులోని బ్రిటిష్ మ్యూజియం 1920లో ఇటువంటి పనికై ప్రయోగశాలను ఏర్పరచుకొన్నది. మన దేశంలో మద్రాసు ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియంలో 1930ల నాటికే రసాయన పరిరక్షణ కృషి ఆరంభమైనది.

ఇక ఇంటిలో చేయదగినవి కొన్ని చెప్పి ముగిస్తాను. నాణేన్ని ఎప్పుడూ అంచులతో పట్టుకోవలె. వేలి చెమటలోని ఉప్పు, నూనె ముఖం మీద ముద్ర వేసి క్రమంగా లోహాన్ని తింటాయి. మెత్తని పి.వి.సి. ప్లాస్టిక్ సంచులలో ఉంచరాదు. వాటి నుండి కారే పదార్థం నాణెం మీద ఆకుపచ్చని జిగురుగా పేరుకొంటుంది. అది పట్టినప్పుడు స్వచ్ఛమైన ఎసిటోన్ ద్రవంలో గాజుపాత్రలో కొద్దిసేపు ఉంచితే జిగురు కరగిపోతుంది, లోహానికి హాని కలగదు. ఆ ద్రవం త్వరగా మండేది కనుక పొయ్యి దగ్గర, దీపం దగ్గర వాడరాదు. రబ్బరు పట్టీలు, ఉన్ని గుడ్డలు గంధకాన్ని వదులుతాయి. వెండికి అవి శత్రువులు. సీసపు నాణేలను కొయ్య పెట్టెలలో ఉంచరాదు. కొయ్య నుండి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లని పొడిగా మారిపోతుంది. తేమ పీల్చే సిలికాజెల్ పొట్లం ఒకటి పెట్టెలో ఉంచితే అన్ని లోహాలకూ మేలు. కాసులపేరు కోసం పాత కాసులకు కొక్కెం అతికించడం కూడా నాణెంగా వాటి వెలను తగ్గిస్తుందని గుర్తుంచుకోవలె. పొలంలో నాణేలు దొరికితే తోమకుండా, కరిగించకుండా కలెక్టరుకు తెలియజేయవలె. పది రూపాయల విలువకు మించిన నిధిని గురించి ఇట్లా తెలపవలెనని 1878 నాటి చట్టం నిర్దేశించింది.

మరి పూజ మాట ఏమిటి? దానికి ఉపాయం సులభమే. పూజకు ఒకటి రెండు సాధారణమైన రూపాయలను వేరుగా ఉంచుకొని వాటినే తోముకోవచ్చును. మిగిలినవాటిని ఒక్కసారి మంచి వెలుతురులో, భూతద్దంతో పరిశీలించండి. ఏ సంవత్సరానివో, ఏ రాజువో ఒక కాగితం మీద రాసుకోండి. తరువాత వాటిని ఉన్నవి ఉన్నట్లుగా పొడి చోట భద్రపరచండి. నలుపు చూచి చిన్నబుచ్చుకోనక్కరలేదు. ఒక విక్టోరియా రూపాయి మీది నలుపు పట్టడానికి నూరేండ్లకు పైగా పట్టింది. దానిని తీసివేయడానికి అయిదు నిమిషాలు చాలు. తిరిగి తీసుకొని రావడానికి మన మనుమల కాలం కూడా చాలదు.